ఎంఎస్ మందు సగం సగం వాడుతున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలి?

ఖమ్మం_ఫార్మసీ:
మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి (ఎంఎస్, మెదడు, వెన్నుపాము నరాల జబ్బు) డైమిథైల్ ఫ్యూమరేట్ 240 మి.గ్రా. రోజుకి రెండుసార్లు రాశారు ఒకావిడకి. నెలకి సరిపడా 60 క్యాప్సూళ్ళు 50 రోజులు వస్తున్నాయి. అడిగితే "వేసుకుంటున్నానండీ" అంటారు. మొహం మండుతోందని ఒకసారి అన్నారు. గట్టిగా అడిగితే రావడమే మానేస్తారేమో.

న్యూరో_నర్స్:
అంటే రోజుకి ఒకటి చిల్లరే పడుతోంది. "వేసుకుంటున్నారా" అంటే ఎవరైనా అవుననే అంటారు. "పోయిన వారంలో ఎన్ని తప్పాయి, పొద్దుటివా రాత్రివా?" అని అడగండి.

పొద్దుటివే అయితే ముందు టిఫిన్ సంగతి కనుక్కోండి. ఒట్టి కాఫీ మీద వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మొహం, మెడ ఎర్రబడి మండుతాయి. రెండు ఇడ్లీలు కూడా చాలవు, కాస్త కొవ్వు, ప్రొటీన్ ఉండాలి: గుడ్డు, పెసరట్టు, పల్లీ చట్నీ, గడ్డపెరుగు. తింటూ మధ్యలో క్యాప్సూల్ మింగాలి, నమలకూడదు, విప్పకూడదు. ఎనిమిదింటికి అలారం మోగి, టిఫిన్ తొమ్మిదిన్నరకైతే ఆ డోసు పోయినట్టే. అలారం తిండి వేళకే పెట్టించండి.

ఈ బాధలు మొదటి నెల దాటాక చాలామందికి తగ్గుతాయి. మంట మరీ ఎక్కువైతే అరగంట ముందు కోటింగ్ లేని ఆస్పిరిన్ ఇస్తారు, అదీ డాక్టర్ రాస్తేనే. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా అది అలర్జీ, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

న్యూరో_పీజీ:
డబ్బు సరిపోక పొదుపుగా వాడుతున్నారేమో కూడా అడగండి. జెనరిక్ ఉంది.

ఇంకోటి, ఈ మందుతో తిమ్మిర్లు, నీరసం తగ్గవు. కొత్త అటాక్‌లు తగ్గించడానికే ఇది. ఆ ముక్క ఎవరూ చెప్పకపోతే "గుణం కనిపించట్లేదు" అని మానేస్తారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. తట్టుకోలేకపోతే డాక్టర్ కొన్నాళ్ళు 120కి తగ్గించి, 4 వారాల్లోపు మళ్ళీ 240కి తెస్తారు. తప్పిన డోసుకి బదులు రెండు కలిపి వేసుకోకూడదు. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిపోవచ్చు కాబట్టి సీబీసీ, అంటే రక్తకణాల పరీక్ష, ఎప్పుడు చేయించారో అడగండి.

ఖమ్మం_ఫార్మసీ:
ఎంఎస్‌కే ఇంకో మందు, ఫింగోలిమాడ్ వాడేవాళ్ళకీ ఇంతేనా?

న్యూరో_పీజీ:
కాదండీ, అక్కడ గ్యాప్ ప్రమాదం. నెల దాటి వాడుతున్నవాళ్ళు 14 రోజులకి మించి ఆపితే సొంతంగా మొదలుపెట్టకూడదు. పల్స్ బాగా పడిపోవచ్చు; మొదటి డోసప్పటిలాగే 6 గంటలు పల్స్, బీపీ చూస్తూ వేయాలి. మొదటి 2 వారాల్లో ఒక్కరోజు తప్పినా అంతే. ఆపేశాక జబ్బు తీవ్రంగా తిరగబెట్టొచ్చు కూడా. అందుకే వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా, వారం మందు ఉండగానే మీరే ఫోన్ చేయండి.