ఘ్రెలినా, గ్రెలినా? పేరులో ఆకలి ఎక్కడుంది?

అనువాదకురాలు: ఆరోగ్య పుస్తకంలోని వాక్యం ఇది: "ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పీయూష గ్రంథి నుంచి పెరుగుదల హార్మోన్‌ను స్రవిస్తుంది." ‘ఘ్ర’ అంటే వాసన చూడడం కదా, వంట వాసనకి ఆకలేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందా? ఒత్తు ఉంచాలా, తీసేయాలా?

సంస్కృతం మాస్టారు: ఊహ బాగుంది కానీ, ఘ్రాణానికీ దీనికీ చుట్టరికం లేదమ్మా. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం ఎలుక జీర్ణాశయం నుంచి దీన్ని వేరుచేసి పేరు పెట్టింది. ఇండో యూరోపియన్ మూలభాషలో ‘ఘ్రె’ అంటే పెరగడం. ఇంగ్లీషు ‘గ్రో’ అక్కడిదే. చివరి ‘రెలిన్’ హార్మోన్లను విడుదల చేయించే పదార్థాలకు తగిలించే తోక. గొనడోరెలిన్, సెర్మోరెలిన్ విన్నారుగా. అంటే పేరులో ఆకలి లేనేలేదు, పీయూష గ్రంథి మీద చేసే పనే ఉంది. ఆకలి సంగతి తర్వాత తేలింది.

పలుకుబడి చూస్తే గ్రెలిన్, ధాతువు చూస్తే ఘ్రెలిన్. నా ఓటు ఒత్తుకే. పుస్తకమంతా ఒకేలా ఉంటే చాలు.

అసలు తప్పు ‘స్రవిస్తుంది’ దగ్గరుంది. స్రవించేది పీయూష గ్రంథి, స్రవింపజేసేది ఘ్రెలిన్. ప్రేరణార్థకం జారిపోతే శరీరశాస్త్రమే తలకిందులవుతుంది.

(పీయూషం అంటే అమరకోశంలో అప్పుడే ఈనిన ఆవు పాలు, మన జున్నుపాలు. ఇదే గ్రంథికి ఇంగ్లీషు పేరు పిట్యూటరీ, దాని లాటిన్ మూలమేమో కఫం! పేరు పెట్టడంలో మనవాళ్లే నయం.)

ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు): మాస్టారూ, ‘స్రవింపజేస్తుంది’ సరైనదే, కాకపోతే ఆ చేయించడం రెండు దారుల్లో జరుగుతుంది. పీయూష గ్రంథి ముందు భాగంలో పెరుగుదల హార్మోన్ చేసే కణాల మీదే ఘ్రెలిన్ గ్రాహకం (ఘ్రెలిన్ వచ్చి అతుక్కునే రిసెప్టర్) ఉంది, అది నేరు దారి. మనిషిలో బలమైనది మాత్రం మెదడులో పీయూష గ్రంథిని నడిపించే భాగమైన హైపోథాలమస్ దారి. అక్కడి జీహెచ్‌ఆర్‌హెచ్ (పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయించే హార్మోన్) తోడు కావాలి. హైపోథాలమస్‌కీ పీయూష గ్రంథికీ లంకె తెగినవాళ్లకి ఘ్రెలిన్ ఎక్కించినా స్పందన బాగా తగ్గిపోతుంది. ఆరోగ్యవంతులకి ఘ్రెలిన్, జీహెచ్‌ఆర్‌హెచ్ రెండూ కలిపి ఇస్తే, విడివిడిగా ఇచ్చినప్పటి మొత్తం కంటే ఎక్కువ పెరుగుదల హార్మోన్ వస్తుంది. పీయూష గ్రంథి వదిలే వేరే హార్మోన్లు ప్రొలాక్టిన్, ఏసీటీహెచ్ కూడా కొంత పెరుగుతాయి, అందుకే "పెరుగుదల హార్మోన్ మాత్రమే" అని రాయకండి.

‘ఆకలి హార్మోన్’ అని వివరణగా ఒకసారి రాయొచ్చు, పేరుగా వాడొద్దు. ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అనే జన్యుపరమైన జబ్బులో రక్తంలో ఘ్రెలిన్ ఎక్కువ, ఆకలి విపరీతం, పెరుగుదల హార్మోన్ మాత్రం తక్కువ. ఆకలినీ పెరుగుదలనీ ఒకే తాడుకి కట్టేస్తే ఈ రోగులు అర్థం కారు.

ల్యాబ్ మనిషి: ఇంకో మాట పోగొట్టకండి: ‘ఎసైల్’. ఘ్రెలిన్‌లో 28 అమైనో ఆమ్లాలు. మూడోదైన సెరీన్‌కి ఆక్టనోయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం తగులుకుని ఉంటేనే ఆ గ్రాహకం పనిచేస్తుంది. అలా ఉన్నదే ఎసైల్ ఘ్రెలిన్. రక్తం తీశాక ఆ ఆమ్లం తోక త్వరగా ఊడిపోతుంది. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో ఎంజైమ్ నిరోధకం వేసి, ఐసులో ఉంచి, చల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాకి వెంటనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. ఆలస్యమైతే మొత్తం ఘ్రెలిన్ (తోక ఉన్నదీ లేనిదీ కలిపి) మామూలుగానే కనబడుతుంది, ఎసైల్ ఘ్రెలిన్ మాత్రం పడిపోతుంది. మూలంలో ఏది కొలిచారో చూసి అదే రాయండి.

ఎండోక్రైనాలజిస్టు: మాస్టారు చెప్పిన ‘రెలిన్’ తోక మందుల పేర్లలోనూ ఉంది. మాసిమోరెలిన్ అనే మందు ఘ్రెలిన్ గ్రాహకం మీదే పనిచేస్తుంది. పెద్దవాళ్లలో పెరుగుదల హార్మోన్ లోపం పరీక్షకి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. కనీసం 8 గంటలు పరగడుపున ఉంచి, కిలో బరువుకి 0.5 మిల్లీగ్రాముల చొప్పున తాగించి, 30, 45, 60, 90 నిమిషాలకి రక్తం తీస్తారు. ఏ శాంపిల్‌లోనూ పెరుగుదల హార్మోన్ మిల్లీలీటరుకి 2.8 నానోగ్రాములు దాటకపోతే లోపం ఉన్నట్టు.

అనువాదకురాలు: అయితే ఇలా: "జీర్ణాశయంలో తయారయ్యే ఎసైల్ ఘ్రెలిన్, కొంత నేరుగా, ఎక్కువగా హైపోథాలమస్ ద్వారా, పీయూష గ్రంథి చేత పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది."

సంస్కృతం మాస్టారు: ‘చేత’ పడింది, ‘చేయిస్తుంది’ పడింది. ఇక ఎడిటర్ గీత గీయడానికి చోటు లేదు.