ఏడాదికొక మహా రక్తదాన శిబిరమా, నెలనెలా చిన్న శిబిరమా?

ఎంవీపీ కాలనీ వాసి:

మిత్రులందరికీ నమస్కారం. జులై 1న మా సేవా క్లబ్‌లో కొత్త కార్యవర్గం బాధ్యతలు స్వీకరిస్తుంది. వచ్చే ఏడాది రక్తదాన కార్యక్రమాలను చూసుకునే పని నాకు అప్పగించారు. అక్టోబరు 1న, అంటే జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, ఒక కల్యాణ మండపం తీసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే పెద్ద శిబిరం నిర్వహించడం మాకు చాలా ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. ఆ శిబిరాన్ని ఆపి, అదే డబ్బుతో, అదే మనుషులతో నెలకొక చిన్న శిబిరం పెట్టుకుందామని మొన్నటి బోర్డు సమావేశంలో నేను ప్రతిపాదించాను. సగం మంది సరేనన్నారు, సగం మంది ససేమిరా అన్నారు. విశాఖలో ఇతర క్లబ్‌లలో పనిచేస్తున్నవారు, బ్లడ్ బ్యాంకుల పనితీరు తెలిసినవారు తమ అభిప్రాయం చెబితే వచ్చే సమావేశానికి కొంత తెలివిడితో వెళ్లగలను.

నా వాదన ఇది. రక్తం బియ్యంలా దాచుకునే వస్తువు కాదు. ఎర్రకణాల ప్యాకెట్టు, అందులో కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజుల వరకు నిల్వ ఉంటుంది. రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి ఉండవు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను అతిశీతలంలో మంచులా ఘనీభవింపజేసి దాస్తే అదొక్కటే ఏడాది పాటు పనికివస్తుంది. ఇక ఒకసారి రక్తం ఇచ్చిన పురుషుడు 90 రోజులు, స్త్రీ 120 రోజులు ఆగాకే మళ్లీ ఇవ్వాలి. అక్టోబరు 1న మన శిబిరంలో 500 మంది ఇచ్చారనుకుందాం. నవంబరు 12 దాటేసరికి ఆ ఎర్రకణాలన్నింటికీ గడువు తీరిపోతుంది. ఆ 500 మందిలో ఒక్క మగవాడు కూడా డిసెంబరు 30కి ముందు మళ్లీ చేయి చాపడానికి వీలు లేదు, ఆడవారు జనవరి చివరి దాకా ఆగవలసిందే. అంటే నడుమ దాదాపు ఏడు వారాలు మనం సేకరించిన ప్యాకెట్టూ ఉండదు, మన పిలుపు విని రాగలిగిన మనిషీ ఉండడు.

నిరుడు మే నెలలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యకు కాన్పు తరువాత రక్తస్రావం ఆగకపోతే, రాత్రి ఎనిమిదింటికి నా దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అడిగింది అరుదైన గ్రూపు కూడా కాదు, బి పాజిటివ్. అక్టోబరు శిబిరం రిజిస్టరు ముందు పెట్టుకుని వరసగా ఫోన్లు చేశాను. పేర్లున్నాయి, నంబర్లున్నాయి, కానీ వాటిలో చాలావరకు హాస్టల్ విద్యార్థులవి. పరీక్షలు అయిపోయి ఒకరు ఇచ్ఛాపురంలో, ఒకరు సాలూరులో, ఒకరు హైదరాబాదులో ఉన్నారు. చివరికి గోపాలపట్నం నుంచి ఒక మెకానిక్ కుర్రవాడు షెడ్డు మూసి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆమె బతికింది. అయితే అంత లావు రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని ఆ మూడు గంటలూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నప్పటి నుంచి నాకు మన పద్ధతి మీద నమ్మకం సడలిపోయింది.

సీతమ్మధార పాత సభ్యుడు:

మీ ఆవేదన నాకు అర్థమైంది, మీ లెక్క కూడా సరైనదే. అయినా పెద్ద శిబిరాన్ని ఆపాలన్న మాటను నేను ఒప్పుకోలేను. వృత్తిగా రక్తం అమ్ముకునే పద్ధతిని రద్దు చేయాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. అది 1998 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు ఆసుపత్రి గేట్ల దగ్గర డబ్బుకు రక్తం ఇచ్చే మనుషులు ఉండేవారన్న సంగతి ఈ తరానికి తెలియదు. వారి స్థానంలో ఊరూపేరూ తెలియని రోగికి ఉచితంగా రక్తం ఇచ్చే మనుషులు తయారయ్యారంటే, అందులో సేవా క్లబ్‌లు ఊరంతా కదిలేలా జరిపిన పెద్ద శిబిరాల పాత్ర ఉంది. సూది అంటే భయపడే కుర్రవాడు ఒంటరిగా బ్లడ్ బ్యాంకుకు వెళ్లడు. పక్క బెంచీ మిత్రులు నలుగురు బల్ల ఎక్కితే అయిదోవాడిగా తానూ ఎక్కుతాడు. తొలిసారి ఇచ్చేవారిని తెచ్చేది ఆ సందడే.

పోలియో సంగతి గుర్తు చేసుకోండి. రోటరీ సంస్థ 1985లో పోలియో నిర్మూలన పని చేపట్టింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది, చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో రహితంగా ధ్రువీకరణ వచ్చింది. ఒక ఆదివారం నిర్ణయించి, ఆ రోజు బిడ్డను తీసుకుని రమ్మని దేశమంతటికీ చెప్పడం వల్లే కదా అది సాధ్యమైంది? ఒక రోజుకు ఉన్న బలాన్ని తక్కువగా చూడకండి.

ఇంకొక ఇబ్బంది. చిన్న శిబిరానికైనా డాక్టరు రావాలి, టెక్నీషియన్లు, కౌన్సెలరు రావాలి, వ్యాను కదలాలి. పదిహేను మంది కోసం ఆ బృందాన్ని ఆదివారం పూట పిలిస్తే రెండోసారి వారు రారు. మన సభ్యులలో ఉద్యోగస్థులే ఎక్కువ. పన్నెండు నెలలూ పన్నెండు ఆదివారాలు ఎవరిస్తారో ముందు చెప్పండి.

బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్:

ఈ నగరంలో ఒక బ్లడ్ బ్యాంకులో పనిచేస్తున్నాను కనుక, శిబిరం ముగిసి మీరందరూ ఇళ్లకు వెళ్లాక ఏం జరుగుతుందో చెప్పడం అవసరమనిపించింది. ప్రతి సంచికీ హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అవి పూర్తయ్యేదాకా ఆ రక్తం ఎవరికీ ఇవ్వకూడదు. ప్లేట్‌లెట్లు కావాలంటే రక్తం తీసిన కొద్ది గంటల్లోనే సంచిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరు చేయాలి. ఆ యంత్రంలో ఒక్క విడతకు పట్టే సంచులు కొన్నే. పెద్ద శిబిరం నాడు సాయంత్రానికి సంచులు గుట్టగా వచ్చిపడితే, రాత్రంతా పనిచేసినా కొన్నింటి నుంచి ప్లేట్‌లెట్లు తీసే సమయం దాటిపోతుంది. ఒక యూనిట్‌తో ముగ్గురికి ఉపయోగమని ఫ్లెక్సీ మీద రాస్తాం గాని, అది మా బల్ల మీదికి సంచి ఎప్పుడు చేరిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

పాత సభ్యుడు గారు చెప్పిన వ్యాను సమస్య కూడా నిజమే. అపార్ట్‌మెంటులో అరవై పేర్లు రాశామని పిలిచి, తీరా వెళితే పదకొండు మంది ఉన్న శిబిరాలకు నేను వెళ్లాను. కనుక చిన్న శిబిరమైతే చాలునని కూడా నేను అనలేను. నలభై మందికి తగ్గకుండా, నూరు మందికి మించకుండా ఉంటే మా చేతికి అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీ. కల్యాణ మండపం ఎప్పుడు ఖాళీగా ఉందో, ముఖ్య అతిథికి ఎప్పుడు వీలవుతుందో కనుక్కున్న తరువాతే మాకు ఫోను చేస్తారు. మా దగ్గర ఏ గ్రూపు ఎంత ఉంది, ఏ వారంలో కొరత రాబోతోంది అని ముందుగా అడిగిన క్లబ్‌లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ, ఏజెన్సీ నుంచీ రోగులు వస్తారు. ఆ ఒత్తిడికి సెలవు ఉండదు.

ఒక దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మద్దిలపాలెం దగ్గర జరిగిన ఒక శిబిరంలో డిగ్రీ చదివే అమ్మాయి వేలు చాపింది. మైలుతుత్తం కలిపిన నీలి ద్రావణంలో ఆమె రక్తపు చుక్క వేశాను. మునగవలసిన చుక్క మధ్యలో ఆగి పైకి తేలింది. రక్తం ఇవ్వడానికి కావలసిన హిమోగ్లోబిన్ 12.5 లేదని అర్థం. ఇవ్వడానికి కుదరదమ్మా అన్నాను. ఆమె సిగ్గుపడుతూ, స్నేహితురాళ్ల వైపు చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. వెనుక పెద్ద వరుస ఉంది. ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడి, ఏం తినాలో, ఐరన్ మాత్రలు ఎక్కడ ఇస్తారో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. తక్కువ మంది వచ్చిన చోట ఆ తీరిక ఉంటుంది.

ఉక్కునగరం షిఫ్టు ఉద్యోగి:

నాది ఓ నెగెటివ్. శిబిరాలలో ఇవ్వడం నేను అయిదేళ్ల కిందటే మానేశాను. శిబిరంలో ఇచ్చిన మరునాడు అత్యవసరమని ఫోను వస్తే 90 రోజుల దాకా నేను పనికిరాను. అందుకే నా పేరు, చివరిగా ఇచ్చిన తేదీ రెండు బ్లడ్ బ్యాంకులలో రాయించి ఉంచాను. పిలిచినప్పుడే వెళతాను. నైట్ షిఫ్టు చేసి వచ్చిన పొద్దున మాత్రం ఇవ్వలేనని ముందే చెప్పాను. మీ రిజిస్టరులో దాత చివరిగా ఎప్పుడు ఇచ్చాడు, వేసవిలో ఏ ఊరిలో ఉంటాడు అన్న రెండు గడులు చేర్చండి. అవి లేని జాబితా ఆపదలో అక్కరకు రాదు. మా టౌన్‌షిప్‌లో కుటుంబాలు ఏప్రిల్‌లోనూ, మేలోనూ ఇక్కడే ఉంటాయి.

పాడేరు ఉపాధ్యాయిని:

నేను ఏ క్లబ్ సభ్యురాలినీ కాను. మా బాబుకు తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు. వాడికి ఏడేళ్లు. మూడు వారాలకొకసారి ఘాట్ రోడ్డు దిగి, మాడుగుల, చోడవరం మీదుగా విశాఖ వస్తాం. అంటే ఏడాదికి పదిహేడు సార్లు. అక్టోబరులో మాకు ఎదురుచూపు ఉండదు. వెళ్లిన రోజే రక్తం ఎక్కించి, సాయంత్రం బస్సుకు పంపించేస్తారు. మే నెలలో మాత్రం, బదులుగా ఎవరిచేతనైనా ఇప్పించండమ్మా అంటారు. బాబును మా ఆయన ఒళ్లో పడుకోబెట్టి, ఆసుపత్రి ఆవరణలో టీ తాగుతున్న మనుషుల దగ్గరకు వెళ్లి, అన్నా మీ గ్రూపేమిటి అని అడుగుతాను. చాలామంది మంచివారే. అయినా ప్రతిసారీ మొదటి మనిషిని అడగడానికి నాకు గొంతు పెగలదు. రక్తం ఆలస్యమైన వారంలో వాడు బడి మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడతాడు.

మే 8 ప్రపంచ తలసీమియా దినం. ఆ రోజు మాలాంటి పిల్లలను వేదిక మీదికి పిలిచి పండ్లు పంచుతుంటారు. ఆ ప్రేమను నేను కాదనను. ఆ రోజు పండ్లకు బదులు ఒక శిబిరం పెడితే నెలాఖరు దాకా మాకు బెంగ తీరుతుంది. మా ఏజెన్సీలో ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలు కూడా ఉన్నారు. నొప్పులు ముదిరి రక్తం పడిపోయినప్పుడు వారిని కూడా కిందికే తీసుకువస్తారు. వారు ఏ నెలలో వస్తారో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఎంవీపీ కాలనీ వాసి:

అమ్మా, మీరు రాసింది బోర్డు సమావేశంలో ఉన్నది ఉన్నట్టుగా చదువుతాను. మీకు అభ్యంతరముంటే చెప్పండి.

పాత సభ్యుడు గారూ, పోలియో ఉదాహరణ గురించి ఒక్క మాట. ఆ ఆదివారం బూత్‌ల దగ్గరితో పని ముగియలేదు. ఆ తరువాతి రోజుల్లో కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, చుక్కలు పడని బిడ్డను వెదికి వేసి, తలుపు మీద గుర్తు పెట్టి వెళ్లేవారు. మా ఇంటి తలుపు మీద ఆ సుద్దముక్క గీతలు నాకు గుర్తున్నాయి. మన శిబిరంలో ఆ రెండో భాగం లేదు. అక్టోబరు 1న తొలిసారి ఇచ్చిన కుర్రవాడికి జనవరిలో మనలో ఎవరైనా ఫోను చేశామా? నేను చేయలేదు.

అసలు చిక్కు మన లెక్కలో ఉందని నాకు అనిపిస్తోంది. జూన్ 30కి క్లబ్ సంవత్సరం ముగుస్తుంది. అధ్యక్షులు మారతారు. వార్షిక నివేదికలో ఒకే రోజు ఎన్ని యూనిట్లు అన్నది రాస్తాం, ఆ అంకె గత అధ్యక్షుల అంకెను మించాలని అందరం తాపత్రయపడతాం. అందులో దురుద్దేశం ఎవరికీ లేదు. అయితే అదే దాత రెండోసారి ఇచ్చాడా, వేసవిలో మనం ఎన్ని పిలుపులకు మనిషిని పంపగలిగాం అన్నవి ఆ నివేదికలో ఎక్కడా ఉండవు. ఈ రెండు అంకెలు ముందు రాయాలని అడుగుతాను.

టెక్నీషియన్ గారి మాట విన్నాక నా ప్రతిపాదనను మార్చుకుంటున్నాను. పన్నెండు శిబిరాలు మన వల్ల కావు, ఆరు చేద్దాం. అక్టోబరు 1 శిబిరం ఉంటుంది. ఆ రోజు బ్లడ్ బ్యాంకు కోరినంత మంది దగ్గరే రక్తం తీసుకుని, మిగిలినవారి గ్రూపు, ఫోను నంబరు రాసుకుని, డిసెంబరుకో ఫిబ్రవరికో వారికి తేదీ ఇస్తాం. ఏప్రిల్‌లోనూ, మే 8నా శిబిరాలు హాస్టళ్లను నమ్ముకోకుండా ఉక్కునగరంలోనూ, గాజువాక, పెందుర్తి అపార్ట్‌మెంట్లలోనూ, ఉక్కపోత తగ్గాక సాయంత్రం వేళ పెడతాం. మిగిలిన ఒక్క శిబిరం తేదీని బ్లడ్ బ్యాంకునే నిర్ణయించమంటాం. హిమోగ్లోబిన్ చాలని వారి కోసం ప్రతి చోటా ఒక బల్ల, మాట్లాడడానికి మా సభ్యురాలు ఒకరు ఉంటారు.

సీతమ్మధార పాత సభ్యుడు:

అక్టోబరులో వరుసలో నిలబడిన మనిషిని, మళ్లీ రండి అని పంపించడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. వెళ్లినవాడు డిసెంబరులో తిరిగి వస్తాడని మీరు నమ్ముతున్నారు, నేను నమ్మడం లేదు. ఆ ఒక్క అంశం మీద బోర్డులో మీకు వ్యతిరేకంగానే మాట్లాడతాను. నివేదికలో ఆ రెండు అంకెలు చేర్చాలన్నదానికి నా మద్దతు ఉంది. మే 8కి పెందుర్తిలో మా తమ్ముడి అపార్ట్‌మెంటులో సెల్లార్ విశాలంగా ఉంటుంది, గాలి కూడా ఆడుతుంది. సంఘం కార్యదర్శితో ఈ ఆదివారమే మాట్లాడతాను. నలభై మందికి తగ్గకుండా పేర్లు నేనే స్వయంగా ఇల్లిల్లూ తిరిగి రాస్తాను. పాడేరు అమ్మాయిగారు బాబు గ్రూపేమిటో తెలియజేస్తే ఆ గ్రూపువారిని ముందుగా అడుగుతాను.