ఈడిపస్ పతనానికి కారణం కోపమా, జోస్యమా? వ్యాసంలో ఏది రాయాలి?

మూడోబెంచీ:
డిగ్రీ రెండో ఏడు, ఇంగ్లిష్ లిటరేచర్. సోఫోక్లిస్ రాసిన గ్రీకు నాటకం ‘ఈడిపస్ రాజు’ మీద కారణ–ఫలిత వ్యాసం రాయమన్నారు. నాటకం చదవనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. కన్నకొడుకు చేతిలో చస్తావని తీబ్స్ రాజు లైయస్‌కు డెల్ఫీలోని అపోలో దేవుడి గుడి నుంచి జోస్యం వస్తుంది. కొడుకు పుట్టగానే చీలమండలు గుచ్చి కట్టించి, కొండ మీద పారేయమంటాడు. గొర్రెలకాపరి జాలిపడి ఇంకొకడి చేతికిస్తాడు. పిల్లవాడు కోరింత్ రాజు ఇంట్లో పెరుగుతాడు. పెద్దయ్యాక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని అతనికీ జోస్యం చెప్తారు. భయపడి కోరింత్‌కు దూరంగా పోతూ దారిలో తెలియక లైయస్‌నే చంపుతాడు. స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పి తీబ్స్‌కు రాజవుతాడు, కన్నతల్లి అని తెలియక లైయస్ భార్య, రాణి జోకాస్టాను పెళ్లాడతాడు. ఏళ్ల తర్వాత ఊళ్లో తెగులు పుడుతుంది. పాత రాజును చంపినవాడెవడో వెతకడం మొదలుపెట్టి చివరికి తననే పట్టుకుంటాడు.

నేను రాసింది ఇదీ: ‘ఈడిపస్ గర్విష్ఠి, కోపిష్ఠి, అందుకే నాశనమయ్యాడు’. పదికి నాలుగు వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో ‘ఇది కారణం కాదు, తీర్పు’ అని రాసి, సోమవారానికి మళ్లీ రాసి తెమ్మన్నారు. నేను చూసిన గైడ్లన్నీ గర్వమే అంటున్నాయి. టెన్షన్‌గా ఉంది. ఎవరు కరెక్ట్?

నిప్పులకుంపటి:
గైడ్లలో తప్పేముంది? మూడు దారులు కలిసేచోట ఏం జరిగిందో చూడు. బండివాడు పక్కకు నెట్టాడు, ఇతను వాణ్ని కొట్టాడు. బండిలోని ముసలాయన, అంటే లైయస్, ములుకోలతో నెత్తి మీద ఒక్కటిచ్చాడు. దానికి బదులుగా అందరినీ చంపేశానని ఈడిపసే చెప్పుకుంటాడు. ‘తండ్రిని చంపుతావు’ అన్న మాట చెవిలో ఇంకా మోగుతుంటే, తండ్రి వయసున్న మనిషి మీద చెయ్యెత్తడమేంటి? ఆ ఒక్కరోజు కోపం దిగమింగి ఉంటే కథే లేదు. నీకు నాలుగు మార్కులు వేసినాయన నాటకం మళ్లీ చదవాలి.

పాత చాక్‌పీస్:
ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

గైడ్లలో గర్వం దూరింది అరిస్టాటిల్ వాడిన ‘హమార్తియా’ అనే మాట వల్ల. దాన్ని ‘గుణంలో లోపం’ అని తర్జుమా చేసి వదిలేశారు. గ్రీకులో ఆ మాట గురి తప్పడం నుంచి వచ్చింది. పొరపాటు అన్నమాట. ఈడిపస్ పొరపాటు తన తల్లిదండ్రులెవరో తెలియకపోవడం. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు ప్రొఫెసర్‌గా చేసిన ఇ.ఆర్. డాడ్స్ 1966లో దీని మీదే వ్యాసం అచ్చువేశాడు. విద్యార్థులు పరీక్షల్లో రాసిన జవాబులే దానికి ముడిసరుకు. ‘చెడ్డవాడు, శిక్ష పడింది’ అన్న జవాబునూ, ‘విధి చేతిలో కీలుబొమ్మ’ అన్న జవాబునూ రెండింటినీ కొట్టేశాడు. అంటే అక్కడి పిల్లలూ మన గైడ్లలాగే రాశారన్నమాట!

ఇంకో సంగతి. ఒకదాని తర్వాత ఒకటి జరగడం వేరు, ఒకదాని వల్ల ఒకటి జరగడం వేరు అని అరిస్టాటిలే అన్నాడు. మనవాళ్లు దీన్ని ఒక్క మాటలో పెట్టారు, కాకతాళీయమని. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పడిందని రాస్తే మార్కులు రావు. కుంపటిగారూ, తల్లిని పెళ్లాడింది కోపంతోనా? పొడుపుకథ విప్పినందుకు ఊరు ఇచ్చిన బహుమానం అది.

తాటిముంజ:
ఇంత చర్చ ఎందుకండీ, తలరాత అని రాసేస్తే పోలా? ఆ వంశానికి లైయస్ మూలంగా పాత శాపం ఉందని ఎక్కడో చదివాను.

పాత చాక్‌పీస్:
ఆ శాపం కథ వేరేచోట ఉంది, ఈ నాటకంలో లేదమ్మా. సోఫోక్లిస్ ఇక్కడ జోస్యం ఎందుకొచ్చిందో చెప్పనేలేదు. వ్యాసం ఈ నాటకం మీద కాబట్టి బయటినుంచి శాపం అరువు తేకూడదు. పైగా ‘తలరాత’ అంటే వ్యాసం ఒక్క వాక్యంలో అయిపోతుంది. మిగతా మూడు పేజీలు ఏం రాస్తావు?

తాటిముంజ:
సరే, తలరాత వద్దు. జోస్యం చెప్పడమే కారణం అనొచ్చుగా? కంసుడి కథ చూడండి. ఆకాశవాణి నోరు విప్పకపోతే దేవకిని చెరలో పెట్టేవాడే కాదు. ఇక్కడా అంతే. లైయస్ వినకపోతే పిల్లవాణ్ని పారేయడు. పారేయకపోతే ఈడిపస్‌కు తండ్రి మొహం తెలిసేది. ఈడిపస్ వినకపోతే కోరింత్ వదలడు. తప్పించుకోవడానికి వేసిన ప్రతి అడుగూ అటే తీసుకెళ్లింది.

నిప్పులకుంపటి:
ఇది బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ కంసుడు కూడా కోపిష్ఠే :)

వీధిబడి:
అందరూ కారణం గురించే కొట్టుకుంటున్నారు. ఫలితం ఏదో ఎవరూ అడగట్లేదు. ‘పతనం’ అంటే ఏంటి? లైయస్ చావా, పెళ్లా, తెగులా, జోకాస్టా ఉరి వేసుకోవడమా, ఇతను కళ్లు పొడుచుకోవడమా? ఒక్కోదానికి ఒక్కో కారణం. కర్ణుడి చావుకు కారణాలనేకం అని ఊరుకుంటే అది సామెత అవుతుంది, వ్యాసం కాదు.

హత్య, పెళ్లి రెండూ నాటకం మొదలయ్యేసరికే ఏళ్లనాటి సంగతులు. రంగస్థలం మీద మనం చూసేది ఒక్కటే, నిజం బయటపడటం. అదీ ఒక్క రోజులో. నేనైతే దాన్నే ఫలితంగా తీసుకుంటా. అప్పుడు గొలుసు దానంతటదే దొరుకుతుంది. తెగులు వచ్చింది కాబట్టి బావమరిది క్రియాన్‌ను డెల్ఫీకి పంపాడు. హంతకుణ్ని వెళ్లగొట్టమని జవాబు వచ్చింది కాబట్టి ఊరందరి ముందు శపించాడు. గుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్‌ను పిలిపించాడు. ‘ఆ హంతకుడివి నువ్వే’ అన్నాడతను. కలతపడ్డ మొగుణ్ని ఓదార్చాలని జోకాస్టా ‘జోస్యాలు అబద్ధం, లైయస్‌ను మూడు దారుల దగ్గర దొంగలు చంపారు’ అంది. ఆ ‘మూడు దారులు’ అన్న మాటే ఈడిపస్ గుండెలో దిగింది. తర్వాత కోరింత్ నుంచి వార్తాహరుడు వచ్చి, నీ తండ్రి పోయాడు, భయం లేదు అనబోయి, అసలు వాళ్లు నీ కన్నవాళ్లే కాదన్నాడు. ధైర్యం చెప్పాలని వచ్చిన ఇద్దరే కొంప ముంచారు. ఇక్కడ గర్వమెక్కడుంది? ఆపమని జోకాస్టా బతిమాలినా ఆపకుండా నిజం కావాలన్నాడు. ఊరి కోసం రాజు చేయాల్సిన పనే అది.

నిప్పులకుంపటి:
ఆగండాగండి. టైరీసియస్ తనంతట తానే నోరు విప్పాడా? చెప్పను, ఇంటికి పోనివ్వు అన్నాడు. ఈడిపస్ ఒంటికాలి మీద లేచి, ఈ హత్యలో నీ చెయ్యి ఉంది అని నింద వేశాకే బయటపెట్టాడు. మరి కోపం కారణం కాదా?

పాత చాక్‌పీస్:
ఇది నేను కాదనలేను. కోపం హత్యకు కారణమా కాదా అన్నది తెగదు, కానీ జ్యోతిష్కుడి నోరు విప్పించింది మాత్రం కచ్చితంగా కోపమే. దాని స్థానం అక్కడ. బాబూ మూడోబెంచీ, ‘గర్విష్ఠి కాబట్టి నాశనమయ్యాడు’ అనకు. ‘కోప్పడ్డాడు కాబట్టి టైరీసియస్ మాట్లాడాడు’ అను. మొదటిది తీర్పు, రెండోది కారణం. మీ లెక్చరర్ ఎర్ర ఇంకు అర్థం ఇదే.

కళ్లు పొడుచుకోవడం గురించి రాయాలనుకుంటే చివర్లో ఈడిపస్ మాట చూడు. ఈ బాధలు తెచ్చింది అపోలో, కళ్లు పొడిచిన చెయ్యి మాత్రం నాదే అంటాడు. మనం ఇంతసేపూ కొట్టుకుంటున్న రెండు కారణాలనూ అతను పక్కపక్కనే పెట్టాడు.

మూడోబెంచీ:
థాంక్యూ మాస్టారూ, అందరికీ. మొదటి పేరా ఇలా మార్చాను:

‘ఈడిపస్ లైయస్‌ను ఎందుకు చంపాడన్నది ఈ వ్యాసం విషయం కాదు. ఏళ్ల తరబడి దాగిన నిజం ఒక్క రోజులో ఎందుకు బయటపడిందన్నదే విషయం. అందుకు కారణం వెతుకులాట. దాన్ని మొదలుపెట్టింది తెగులు, ముందుకు నడిపింది ఈడిపస్ పట్టుదల, మధ్యలో తోసింది అతని కోపం, ఓదార్చబోయిన ఇద్దరి మాటలు.’

సరిపోతుందా?

వీధిబడి:
సరిపోతుంది. పేరాకో లంకె చొప్పున రాసుకుంటూ పో. ‘తర్వాత’ అని రాసిన ప్రతిచోటా ‘వల్ల’ పెట్టి చదువు. కుదరకపోతే ఆ వాక్యం కొట్టేయ్.

తాటిముంజ:
ఒక్క డౌటు. హత్య దగ్గర తప్పించుకున్న నౌకరు ‘దొంగలు’ అని చాలామందిని చెప్పాడు కదా. ఒక్కడా, చాలామందా అన్నది తేలితే బతికిపోతానని ఈడిపస్ అతన్ని పిలిపిస్తాడు. పిల్లవాణ్ని ఇంకొకడికిచ్చిన గొర్రెలకాపరీ అతనే. తీరా అతను వచ్చాక పసిపిల్లవాడి సంగతే అడుగుతారు, ఈ ప్రశ్న ఎవరూ అడగరు! ఎందుకు?

నిప్పులకుంపటి:
ఇంకేముంటుంది, కోపం. చెప్పనన్న పాపానికి ఆ ముసలాయన చేతులు వెనక్కి విరిచి కట్టమన్నాడు, చదవలేదా?