గప్పీ అనే అక్వేరియం చేపల పిల్లలు నిలబడటం లేదు, ఏం చేయాలి?

మాది విజయవాడ. మేడ మీద నాలుగు సిమెంటు తొట్లలో గప్పీలు, రెండు టబ్బుల్లో జావా మాస్ అనే నాచు, వాలిస్నేరియా అనే నీటి మొక్క అమ్మకానికి పెంచుతున్నాను. నెలకు రెండు వేలు మిగిలినా చాలనుకున్నా. తల్లి తన పిల్లల్ని తనే మింగేస్తుంది కదా, అందుకని పుట్టగానే వేరే తొట్టిలోకి మారుస్తున్నాను. అయినా పది రోజులు తిరక్కుండానే తోకలు సూదిలా ముడుచుకుపోయి, నీటి పైనే వణుకుతూ సగానికి సగం పోతున్నాయి. మునిసిపల్ నీళ్లు ఒక రోజంతా ఎండలో ఉంచాకే పోస్తున్నా. తొట్లు కొత్తవే గానీ వారం నానబెట్టి కడిగాను. మేత ఉడికించిన గుడ్డు పచ్చసొన. దానివల్లే నీళ్లు పాడవుతున్నాయా? దాని బదులు ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) గుడ్లు కొని, పొదిగించి మేతగా వేస్తే గిట్టుబాటవుతుందా? ఇంకో సంగతి, షాపువాళ్లు జత పది రూపాయలకే అడుగుతున్నారు, పైగా నాచు కొసరట! మీరంతా ఎవరికి, ఎలా అమ్ముతున్నారో కాస్త చెప్పండి.