షాన్ ద షీప్: ఆ గొర్రెలకు అంత ప్రాణం ఎలా వచ్చింది? ఇంట్లో తీస్తే బొమ్మ ఎందుకు వణుకుతోంది?

పలకబలపం:
బొమ్మలను కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసి చేసే (స్టాప్ మోషన్) గొర్రెల సీరియల్ షాన్ ద షీప్ బాగా తెలిసినవాళ్లకు రెండు ప్రశ్నలు. ఇందులో ఒక్క మాట ఉండదు, గొర్రెల ముఖాల్లో కదిలే భాగాలూ తక్కువే. అయినా కాపలా కుక్క బిట్జర్ మెడలో ఈల వేసుకుని ఒక్క క్షణం అలా నిలబడితే చాలు, వాడి మనసులో ఏముందో ఐదేళ్ల పిల్లలకు కూడా తెలిసిపోతుంది. కిటుకు ఎక్కడుంది?

రెండోది, పిల్లలతో కలిసి ఫోనుతో 20 సెకన్ల ముక్క తీయాలి. సెకనుకు 12 ఫొటోల చొప్పున 240. తీసినంతవరకు వెలుతురు మిణుకుమిణుకుమంటోంది. గొర్రె సన్నకాళ్ల మీద నిలవడం లేదు. దూదితో చేసిన ఉన్ని ప్రతి ఫొటోలోనూ పురుగులు పాకినట్టు కదులుతోంది.

బంకమట్టి:
పలకబలపం గారూ, మొదటిదానికి నా జవాబు ఒకటే: కదలికలో కన్నా ఆగడంలోనే ఉంది. బిట్జర్‌కి అనుమానం వచ్చినప్పుడు చూడండి. ముందు కళ్లు మాత్రమే పక్కకు వెళ్తాయి. కాసేపు ఏమీ కదలదు. తర్వాత తల తిరుగుతుంది, చివరికి ఒళ్లు. మనం ఇంట్లో తీసేటప్పుడు మూడూ ఒకేసారి తిప్పేస్తాం, అందుకే అది బొమ్మను ఎవరో తిప్పినట్టు ఉంటుంది. సెకనుకు 12 ఫొటోల లెక్కలో కళ్లు తిరిగాక రెండు మూడు ఫొటోలు ఆగి తల కదపండి. ముఖంలో భావం చూసేవాళ్లకు అందాలంటే కనీసం 8 ఫొటోలు అలాగే ఉంచాలి. రెప్పపాటుకు మూడు చాలు: సగం మూసినది, పూర్తిగా మూసినది, మళ్లీ సగం.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. ఈ సీరియల్ తీసే ఆర్డ్‌మన్ స్టూడియో బొమ్మలకు కళ్లు తెల్లని పూసలు. నల్ల కనుపాప మధ్యలో సన్నటి రంధ్రం ఉంటుంది, అందులో సూది మొన పెట్టి చూపు తిప్పుతారు. వేలు ముఖానికి తగలదు. ఇంట్లో కూడా తెల్లపూసలు తీసుకుని, వాటి రంధ్రాన్నే కనుపాపగా ముందుకు పెట్టండి, చుట్టూ నల్లరంగు వేయండి. ఇంతకన్నా తేలిక దారి లేదు.

షాన్ మొదట వచ్చింది 1995లో, నిక్ పార్క్ తీసిన 'ఎ క్లోజ్ షేవ్'లో. అక్కడ యంత్రంలో పడి ఉన్ని పోగొట్టుకున్న గొర్రెపిల్ల వాడు. ఉన్ని కత్తిరించిన గొర్రెను ఇంగ్లీషులో అనే 'షోర్న్' అన్న మాటకూ ఆ పేరుకూ బ్రిటన్ వాళ్లు పలకడంలో తేడా లేదు. సొంత సీరియల్ 2007 మార్చిలో బీబీసీలో మొదలైంది. తెలుగులో గొర్రెదాటు అంటాం కదా, ఒకటి దూకితే అన్నీ దూకడం. మాసీ బాటమ్ పొలంలో మందంతా సరిగ్గా అలాగే ఉంటుంది, ఆలోచించేది షాన్ ఒక్కడే. కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. నాకు ఈ సీరియల్ మీద ఇంత ఇష్టం అందుకే.

వెలుగునీడ:
మిణుకుకు మొదటి కారణం ఫోనే. ప్రతి ఫొటోకీ ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు), ఫోకస్ తనంతట తనే సరిచేసుకుంటుంది. స్టాప్ మోషన్ యాప్‌లో ఈ మూడూ మాన్యువల్‌కు మార్చి లాక్ చేయండి. షట్టర్ (ఒక్కో ఫొటోకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 గానీ 1/25 గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు ఎక్కువతక్కువ అవుతాయి. షట్టర్ మరీ వేగంగా ఉంటే ఒక ఫొటోకు వెలుగు, మరో ఫొటోకు చీకటి దొరుకుతాయి.

కిటికీ పూర్తిగా మూసేయండి. గంటసేపు తీస్తే ఎండ జరుగుతుంది, ఆ గంట తెర మీద కొన్ని సెకన్లే. తెల్లచొక్కా వేసుకుని దగ్గర నిలబడినా ఆ వెలుతురు బొమ్మ మీద పడుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకుని, ప్రతి ఫొటోకీ ఒకే చోట నిలబడండి. ఫోను తెరను వేలితో నొక్కవద్దు, ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్‌తో తీయండి. స్టాండు కాళ్లను నేలకు టేపుతో అంటించండి.

తీగబొమ్మ:
కాళ్లు: మట్టి ఒక్కటే బరువు మోయలేదు. 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పోగులు మెలిపెట్టి లోపల పెట్టండి. బైండింగ్ వైరు వద్దు, వంచితే కొద్దిగా వెనక్కి వస్తుంది. రాగితీగ నాలుగుసార్లు వంచేసరికి గట్టిపడి తర్వాత విరుగుతుంది. స్టూడియోల్లో సెట్ కిందనుంచి పాదంలోకి మర బిగిస్తారు. మనకు థర్మోకోల్ షీటు చాలు: పైన పచ్చ గుడ్డ పరిచి, పాదంలోంచి గుండుసూది దించండి. తల మాత్రం తేలికగా ఉండాలి, లోపల థర్మోకోల్ ఉండ పెట్టి పైన పలచగా మట్టి పూయండి. తల బరువైతే ఎన్ని సూదులు గుచ్చినా ముందుకు వాలుతుంది.

ఉన్ని: దూది వేళ్లకు అంటుకుని పోగులు లేస్తాయి, అదే మీరు చూస్తున్న పాకుడు. పాత తెల్ల టర్కీ తువ్వాలు ముక్క కుట్టి తొడగండి, పొట్టి పోగు కాబట్టి నలగదు. ఒంటిని ఎప్పుడూ ఒకేచోట, పొట్ట కిందే పట్టుకోండి. ఫ్యాను ఆపాల్సిందే. అప్పుడు దీపాల వేడికి నూనెమట్టి మెత్తబడుతుంది, మధ్యమధ్యలో బొమ్మను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. గాలికి ఆరే మట్టి వాడొద్దు, రెండో రోజుకే మోకాళ్ల దగ్గర పగులుతుంది.

చెవులపిల్లి:
పై జవాబులకు ఒక చేర్పు. బ్రిటన్ టీవీకి సెకనుకు 25 ఫ్రేములు (ఒక్కో ఫ్రేము అంటే ఒక్కో ఫొటో). 7 నిమిషాల ఎపిసోడ్ అంటే 10,500. సాధారణంగా ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు తీస్తారు, అంటే దాదాపు 5,250 భంగిమలు. పరుగు, విసురు లాంటి వేగమైన వాటికి ఒక్కో ఫ్రేముకు ఒక్కో భంగిమ. అందుకే మీరు 12తో తీసిన పరుగు ముక్కలుముక్కలుగా అనిపిస్తే కంగారు పడొద్దు. పరుగుకు ముందు ఒక్క ఫొటోలో ఒంటిని వెనక్కి లాగి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

శబ్దం చివర్లో పెట్టండి. రైతు మాట్లాడేది గొణుగుడే, మాట ఒక్కటీ లేదు, కానీ రాగం ఉంది: ప్రశ్న పైకి లేస్తుంది, విసుగు కిందికి దిగుతుంది. రైతుకూ బిట్జర్‌కూ గొంతు ఇచ్చింది జాన్ స్పార్క్స్ ఒక్కరే. పిల్లలకు ముందు తెలుగులో వాక్యం చెప్పి, తర్వాత నోరు మూసుకుని అదే రాగంలో గొణగమనండి.

పలకబలపం:
అందరికీ ధన్యవాదాలు. తువ్వాలు ఆలోచన అసలు తట్టలేదు. ఫ్రేము ఫ్రేముగా చూసి నేర్చుకోవడానికి ఏ ఎపిసోడ్ మంచిది?

బంకమట్టి:
మొట్టమొదటిదే, 'ఆఫ్ ద బా!' క్యాబేజీని బంతి చేసుకుని గొర్రెలు ఫుట్‌బాల్ ఆడేది. యూట్యూబ్‌లో కంప్యూటర్ మీద ఆపి, ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళ్తుంది. తన్నే ముందు కాలు ఎన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లిందో, క్యాబేజీ గాలిలో ఎన్ని ఫ్రేములు ఉందో కాగితం మీద రాసుకోండి. ఆ లెక్కను సగం చేస్తే మీ 12కి సరిపోతుంది.