పాపం, పాప, దెయ్యం: ఈ మాటల సంగతేంటి?

ప్రశ్న:
మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. నిన్న వీధిలో కుంటుతున్న కుక్కను చూసి "అయ్యో పాపం" అన్నాను. వెంటనే "అదేం పాపం చేసిందమ్మా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. పాపం చేయకూడదంటాం, పాపం పండిందంటాం, పాపిష్టి డబ్బంటాం, మళ్ళీ జాలిపడడానికీ అదే మాట. పైగా తనను పిలిచేది పాప అని! వీటికేమైనా సంబంధం ఉందా?

జవాబు:
పాపకీ పాపానికీ ఏ సంబంధం లేదండీ. పాప, పాపడు మన మాటలే, తమిళంలోనూ పాప్పా అంటారు. పాపం సంస్కృతం. జ్యేష్ఠ, కనిష్ఠ లాంటిదే పాపిష్ఠ, అంటే అందరినీ మించిన పాపి, దాన్నే మనం పాపిష్టి చేసుకున్నాం. ఇక జాలి అంటారా, కష్టమొస్తే ఏ జన్మలో చేసుకున్న పాపమో అనుకోవడం మనకి అలవాటు కదా, అక్కడి నుంచే వచ్చిందని నేననుకుంటాను. "ఏం పాపం చేసుకున్నాడో పాపం" అంటాం చూడండి, రెండూ ఒకే వాక్యంలో. కుక్క మాత్రం ఏ తప్పూ చేయలేదని పాపకు గట్టిగా చెప్పండి.

జవాబు:
దెయ్యం సంగతి ఇంకా వింత. అది దైవం నుంచి పుట్టిన మాట. దైవము, దయ్యము. పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడనీ, విధి అనీ కూడా అర్థం. అసురుడూ అంతే, ఋగ్వేదంలో వరుణుణ్ణి ఆ మాటతోనే పొగిడారు, తర్వాతివాళ్ళు మొదటి 'అ'ను 'కాదు' అనే అర్థంలో తీసుకుని, దాన్ని తీసేసి 'సుర' అనే మాట తయారుచేశారు. దృష్టి అంటే ఉత్త చూపు, అది దిష్టి అయ్యేసరికి చెడ్డ చూపయింది.

జవాబు:
వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది వెధవ. విధవ నుంచి వచ్చింది. భర్త పోయిన ఆడమనిషిని చెడుకి గుర్తుగా చూసి, ఆ పేరునే మగవాళ్ళను తిట్టడానికి వాడుకున్నాం. దెయ్యం అన్నా ఎవరికీ నష్టం లేదు, ఇది అలా కాదు. దయచేసి పిల్లల ముందు వాడకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. కుక్క గురించి చెప్పాను, ఊరుకుంది. వెధవ గురించి చదివాక మాత్రం మనసు బాగోలేదు. మా నాన్న మా తమ్ముణ్ణి ముద్దుగా అలాగే పిలిచేవారు. మా అమ్మమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లోనే ఉండేది, ఆ మాట రోజుకి పదిసార్లు వినేది. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.