బత్తమీజ్ అంటే తిట్టా, ముద్దు మాటా?

తెనాలి కోడలు: మలక్‌పేటలో అద్దెకు దిగాం. మా మరిది బైక్ గేటుకు అడ్డంగా పెట్టాడని ఓనర్ ఆంటీ "ఏం బత్తమీజ్ పోరడు" అంది. ఇంట్లో అందరికీ టెన్షన్. తీరా చూస్తే, సాయంత్రం తన మనవణ్ణి కూడా నవ్వుతూ "బత్తమీజ్, ఇటు రా" అని పిలుస్తోంది! ఇంతకీ ఇది ఎంత పెద్ద తిట్టు?

పాతబస్తీ అన్న: అమ్మా, ఉర్దూలో 'బద్' అంటే చెడు. మనం బద్నాం చేసిండు అంటామే, అదే బద్. తమీజ్ అంటే ఎవరి దగ్గర ఎట్లుండాలో తెలిసిన తెలివి. అది లేనోడు బత్తమీజ్, వాడు చేసే పని బత్తమీజీ. మాది పత్తర్‌గట్టిలో చీరల దుకాణం. తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీదికి చెప్పులతో ఎక్కి, అడ్డమైన బేరం చేసి, కొనకుండా పోయేటోళ్లు ఉంటారు. మా నాయన వాళ్లతో 'ఆప్' (మీరు) అనే మాట్లాడేవాడు. వాళ్లు మెట్లు దిగినాకే మెల్లగా "బత్తమీజ్" అనేది. ఎదురుగా అన్నామా, కొట్లాటే. పిల్లల్ని అంటే మాత్రం ముద్దు. మీ మరిదిని అన్నది రెండింటికీ నడుమ. పోరడు అన్నదంటే కాస్త చనువు కూడా ఉన్నట్టే లెక్క. పెద్దవాళ్లను మాత్రం చస్తే అనొద్దు.

హనుమకొండ: మా దిక్కు "సోయి లేదా?" అంటరు. అదీ ఇదీ ఒకటే కదా?

పాతబస్తీ అన్న: కాదు తమ్మీ. సోయి లేనోడు చూసుకోక కాలు తొక్కుతడు. బత్తమీజ్ తొక్కి, "అయితే ఏంది?" అంటడు.

తెనాలి కోడలు: మా వైపు పెడసరం అంటాం, అదేనా అన్నయ్యా?

పాతబస్తీ అన్న: కొంచెం దగ్గరే. పెడసరం ఎక్కువగా జవాబులో కనబడుతది. నోరు విప్పకుండా, పెద్దాయన నిలబడి ఉంటే కాలు మీద కాలేసుకుని ఫోన్ చూసుకున్నా బత్తమీజీయే. ఇక "తమీజ్ లేదా?" అని అడిగితే వేరే లెక్క. అది పెంచినోళ్ల దాకా పోతది, అందుకే ఎక్కువ మండుతది.

నల్లకుంట పంతులమ్మ: రాసేటప్పుడు బద్తమీజ్. పలికేటప్పుడు ద కాస్తా త అవుతుంది. మా పిల్లలు నోట్‌బుక్కుల్లో రెండూ రాస్తారు, నేను దేనికీ సున్నా వేయను.